నెమలి ఆనవాలు

ఆషాఢమాసమున ఒక మధ్యాహ్నము. ఏలూరులో ఎడతెరపి లేని వాన. తరగతిలో వర్షర్తు వర్ణన చెప్పుచున్నాను. మేఘము గర్జించుట, నెమలి పురి విప్పుట, దాని కేక విని విరహిణి నిట్టూర్చుట - ముప్పది సంవత్సరములుగా చెప్పుచున్న పాఠము. పుస్తకము తెరువవలసిన పని కూడ లేదు. వెనుకబల్లనుండి ఒక విద్యార్థి లేచి నిలిచెను. కొల్లేటి లంకగ్రామమునుండి వచ్చి చదువుకొనుచున్న పిల్లవాడు.

"మాస్టారూ, నెమలి నీళ్ల మీద కూడా నడుస్తుందాండీ?" అని అడిగెను.

తరగతి గొల్లుమన్నది. "నడవదోయ్" అంటిని.

"మా ఊళ్లో నడుస్తుందండీ. తామరాకుల మీద. నేను చూశాను."

నవ్వు రెట్టింపైనది. నేనును నవ్వితిని. "అది మీ కొల్లేటి నెమలి కాబోలు, మా పుస్తకాల్లో లేదు" అని ఒక చమత్కారము విసరి పాఠము సాగించితిని. పిల్లవాడు కూర్చుండెను. ఆ గంటలో మరల తల యెత్తలేదు.

మరునాడు అతడు మా గది గుమ్మమువద్ద వేచియుండెను. చేతిలో సెల్‌ఫోను, అందులో ఒక ఛాయాచిత్రము. దూరమునుండి తీసినది, మసకగా ఉన్నది. అయినను విషయము స్పష్టమే. తామరాకులమీద ఒక పక్షి. కొడవలివలె వంగిన పొడవైన నల్లని తోక. మెడవెనుక బంగారపు మెరుపు.

"ఇది నెమలి కాదోయ్" అంటిని.

"మరేంటండీ?"

నాకు తెలియలేదు.

"పోనీ, నెమలైతే ఎలా ఉండాలండీ?"

"పొడవైన తోక ఉండాలి. మెరిసే మెడ ఉండాలి."

"అవి రెండూ దీనికి ఉన్నాయి కదండీ" అనెను. ఎదురుచెప్పు ధోరణి కాదు. నిజముగా తెలిసికొనగోరియే అడుగుచున్నాడు.

ముప్పది సంవత్సరములు నెమలిని వర్ణించిన నోరు, నెమలిని నెమలి కాని పిట్టనుండి వేరుచేసి చెప్పలేకపోయినది. ఆ సాయంకాలము ఇంటికి పోవుచు లెక్కవేసికొంటిని: నేను నెమలిని నిదానముగా చూచిన దెన్నడు? జంతుప్రదర్శనశాలలో తీగెవల వెనుక ఒకటి రెండుసార్లు. గుడిలో కుమారస్వామి పాదములకడ రాతినెమలి. ఇక పెండ్లిపత్రికలమీద, చీరె అంచులమీద లెక్కలేనన్ని. జీవముతో ఉన్న నెమలి ముఖ మెట్లుండునో మాత్రము జ్ఞప్తికి రాలేదు. ఈ వ్యాసమునకు ఆ సిగ్గే మూలము.

తోక కాని తోక

నెమలి మన పెరటికోడికి దాయాది. కోడివలెనే నేలమీద తిరిగి, కాలితో గీరి మేత వెదకుకొనును. గింజలు, పండ్లు, పురుగులు, తొండలు, చిన్నపాములు - ఏది దొరికిన నది తినును. ప్రొద్దుక్రుంకగనే ఎత్తైన చెట్టెక్కి నిద్రించును. దానికి కావలసినవి పొదలు, చెట్లు, పొడినేల. తామరాకులతో దానికి పనిలేదు.

మొదట తెలిసికొనవలసిన దేమన, మనము నెమలితోక అని పిలుచునది తోక కాదు. తోకమొదలున పైకప్పుగా ఉండు ఈకలే మగనెమలికి అంతంత పొడవు పెరిగి పురి యగుచున్నవి. అట్టి ఈకలు సుమారు 150 మొదలు 200 వరకు ఉండును. అసలు తోక వేరుగా, పురివెనుక దాగియుండును; 20 పొట్టి గోధుమవన్నె ఈకలు. నెమలి నాట్యమాడుచుండగా వెనుకకు పోయి చూచినచో, ఆ పొట్టితోక నిక్కి నిలిచి, పురిని వెనుకనుండి ఊతకర్రవలె ఎత్తిపట్టుట కనబడును. మన వర్ణనలన్నియు ముందునుండి చూచి చేసినవే గనుక, పాపము, ఆ తోకకు కావ్యములలో చోటు దొరకలేదు.

పురినే గుర్తుగా పెట్టుకొన్నవాడు తప్పక మోసపోవును. ఆడనెమలికి పురి లేదు. మగపిల్లకు రెండవయేట పొడవైన ఈకలు మొలవనారంభించినను, కన్నులతో నిండిన పూర్తి పురి వచ్చుటకు నాలుగేండ్లు పట్టును. పెద్దమగదానికిని పురి యేడాది పొడుగున ఉండదు. శ్రావణ భాద్రపదములలో ఈకలు రాలనారంభించి, కొంతకాలము పొట్టివెనుకతో తిరిగి, మరల మాఘఫాల్గుణముల నాటికి నిండుగా పెంచుకొనును. కాబట్టి ఏ మందలో చూచినను పురిలేని నెమళ్లే ఎక్కువ.

రంగును నమ్మవచ్చునా యన్నచో, అదియు మాయయే. నెమలియీకలో నీలిరంగు గాని ఆకుపచ్చరంగు గాని వస్తురూపమున లేదు. ఉన్నది నల్లగోధుమవన్నె పదార్థము మాత్రమే. ఈకలోని అతిసూక్ష్మమైన పొరల అమరికపై వెలుగు పడి, ప్రతిఫలించి, నీలమై, పచ్చయై, బంగారమై మన కంటికి వచ్చుచున్నది. ఇంగ్లండులో రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు 1665లో ప్రకటించిన సూక్ష్మదర్శిని గ్రంథములోనే, నెమలియీకను నీటితో తడిపినచో ఆ రంగులు మాయమగుటను గుర్తించెను. మన నిఘంటువులలో పురిమీది కన్నునకు చంద్రకమనియు, మేచకమనియు రెండు పేర్లు కలవు. ఒకటి చంద్రుని తలపించునది, రెండవది నలుపును తెలుపునది. ఒకే వస్తువునకు ఈ రెండు పేర్లు ఎట్లు పొసగినవా యని వెనుక అనుకొనెడివాడను. ఈకను ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి త్రిప్పి చూచినవానికి ఆ సందేహము కలుగదు.

నల్లజర్లదారిలో

తాడేపల్లిగూడెమునుండి ఉత్తరముగా నల్లజర్లవైపు పోవుచుండగా నేల మారిపోవును. కాలువలు, వరిచేలు వెనుకబడి, ఎర్రనేలలు, జీడిమామిడితోటలు మొదలగును. అక్కడ మా మేనమామగారికి కొద్దిపాటి తోట కలదు. ఎనుబదేండ్లు దాటిన మనిషి. నెమలిని చూచుటకు వచ్చితినని చెప్పగా ఆయన నన్ను వింతగా చూచెను.

"పొద్దున్నే గట్టు మీద కూర్చో అల్లుడూ, అవే వస్తాయి. అందం అందం అంటారు గాని, వేరుసెనగ వేస్తే గింజ మిగల్చవు" అనెను.

జంతుశాస్త్రము చెప్పు మిత్రునివద్ద అడిగి తెచ్చిన దుర్బిణితో తెల్లవారకముందే గట్టున కూర్చుంటిని. వెలుగు వచ్చువేళకు కేక వినబడెను. సంగీతశాస్త్రమువారు షడ్జస్వరమునకు నెమలికేకను ఉపమానము చేసిరి. చెవిదగ్గర వినినచో అది స్వరము కంటె హెచ్చరికవలె తోచును. పిమ్మట పొదలమాటునుండి ఒక మగనెమలి, దానివెనుక మూడు ఆడునెమళ్లు బయటకు వచ్చినవి. పురి సగము రాలియుండెను. నాట్యము లేదు, మేఘము లేదు. అవి మేతకు వచ్చినవి.

నేను పురిని విడిచి ముఖమును చూచితిని. కంటికి పైన ఒక తెల్లని చార. కంటిక్రింద అర్ధచంద్రాకారమున మరియొక తెల్లని మచ్చ. ఈకలు లేని బోడిచర్మమది. సున్నము పూసినట్లు తెల్లగా ఉన్నది. నీలికంఠముపై ఆ తెలుపు ఎంత దూరమునకైనను కనబడుచున్నది.

చేతిలోని దుర్బిణి దానంతట అదే దిగిపోయినది. శుక్లాపాంగము! కాళిదాసు మేఘసందేశములో నెమళ్లను ఈ పేరుతో చెప్పెను. శుక్లము తెలుపు; అపాంగము కడకన్ను. కడకన్నులు తెల్లగా గలది. ఎన్ని తరగతులకు ఈ మాటకు విగ్రహవాక్యము చెప్పియుంటినో! బహువ్రీహి సమాస మని నల్లబల్లపై వ్రాసి, పరీక్షలో అడిగి, సరిగా వ్రాసినవారికి గుణములు వేసితిని. ఆ మాట ఒక గుర్తు అని, ఎవడో ఒకప్పుడు నెమలి ముఖములోనికి కన్నార్పక చూచి చెప్పినదని ఒక్కనాడును తోచలేదు.

ఇంటికి వచ్చి అమరకోశము తెరచి నెమలిపేర్లు మరల చదివితిని. శిఖి, నీలకంఠము, కేకి, బర్హి, భుజంగభుక్కు. చిన్ననాడు కంఠస్థము చేసిన పర్యాయపదములే. అవి ఒకదానికి బదులు ఒకటి పడవేయదగిన మాటలు కావు. శిఖ చూడు, మెడ చూడు, కేక విను, పురి చూడు, ఏమి తినుచున్నదో చూడు అని వరుసగా చెప్పుచున్నట్లున్నవి. పక్షిశాస్త్రజ్ఞులు నేడు మూడుజాతుల నెమళ్లను వేరుచేయు గుర్తులలో ముఖ్యమైనవి ఈ పేర్లలోనే దాగియున్నవి.

మూడు నెమళ్లు

ప్రపంచమున నెమళ్లు మూడుజాతులు. మొదటిది మన నీలినెమలి. భారతదేశము, సింహళము, నేపాళము, పాకిస్తాను దీని పుట్టినిల్లు. 1758లో లిన్నేయసు దీనికి పావో క్రిస్టేటస్ అని శాస్త్రనామ మిడెను. పావో అనగా లాటిను భాషలో నెమలి. క్రిస్టేటస్ అనగా శిఖ గలది. మనవారు శిఖి అన్నదియు అదియే. ఇరువురికిని ముందు కనబడినది తలమీది కుచ్చే కాబోలు.

ఆ కుచ్చును చక్కగా చూడవలెను. నీలినెమలి శిఖ విసనకర్రవలె విచ్చుకొనియుండును. సన్నని బోడికాడలు, కొనలయందు మాత్రము నీలిపచ్చని కుచ్చులు. ముఖముపై తెల్లని మచ్చలు. మెడ పట్టువలె నునుపైన నీలము. రెక్కలపై తెలుపుపసుపు మిశ్రమమైన వన్నెమీద నల్లని అడ్డగీతలు; ఎగిరినప్పుడు రెక్కల కొనయీకలు ఇటుకరంగున కనబడును. మగది పురితో కూడ రెండు మీటరుల వరకు ఉండును. 4 మొదలు 6 కిలోలు తూగును. ఆడది పూర్తిగా వేరువేషము: గోధుమవన్నె ఒడలు, తెల్లని కడుపు, మెడక్రింద కొంచెము పచ్చని మెరుపు. కాని శిఖ దానికిని కలదు, ముఖమున తెలుపును కలదు. పురి పోయినను, రంగు పోయినను, ఈ రెండు గుర్తులు మాత్రము ఆడదానిని, మగదానిని, ఎదిగివచ్చు పిల్లను గూడ పట్టి యిచ్చును.

రెండవది పచ్చనెమలి. బర్మా, థాయిలాండు, ఇండోచైనా, చైనాలోని యునాన్, జావా దీని నెలవులు. 1766లో లిన్నేయసే దీనిని పావో మ్యూటికస్ అని పేర్కొనెను. మనదానికంటె పొడగరి, కాళ్లును మెడయును మరింత పొడవు. దీని శిఖ విసనకర్రవలె విచ్చుకొనదు. సన్నని కత్తివలె నిటారుగా నిలుచును. మెడయీకలు పట్టువలె కాక, చేపపొలుసులవలె ఒకదానిపై నొకటి పేర్చినట్లు, బంగారుపచ్చన మెరయును. రెక్కలమీద అడ్డగీతలు లేవు. ముఖచర్మము తెలుపు కాదు; కంటివద్ద నీలము, చెవివద్ద నిగనిగలాడు పసుపు. కాళిదాసు ఈ పక్షిని చూచి వ్రాసియున్నచో శుక్లాపాంగ మని వ్రాసియుండడు. ఆ ఒక్క మాటయే కవి చెప్పిన నెమలి ఏ జాతిదో నిస్సందేహముగా తేల్చుచున్నది.

ఇంకొక విశేషము. పచ్చనెమళ్లలో ఆడదియు మగదానివలెనే మెరయుచుండును. పొడవైన పురి మాత్రము లేదు. కాబట్టి మన నెమళ్ల మందలో గోధుమవన్నెవి ఆడవి అని చెప్పు సూత్రము అక్కడ పనిచేయదు.

ఈ పచ్చనెమలి తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. కాకినాడ, కోరంగి రేవులనుండి ఓడలెక్కి రంగూను పోయి, రేవులలోను మిల్లులలోను కష్టించి బ్రతికిన మనవారు వేలకొలది. కోరంగిపేరు మీదనే అక్కడివారు మనవారిని పిలిచిరి. 1942లో జపాను యుద్ధమప్పుడు ప్రాణములరచేత బట్టుకొని కొండలదారిన నడచివచ్చినవారును వారే. ఆ దేశమున నెమలి రాజచిహ్నము. మిండాన్ రాజు వేయించిన వెండినాణెములపై పురివిప్పిన నెమలి కలదు. 1939లో బ్రిటిషుబర్మాకు ఏర్పడిన పతాకముపైనను నెమలియే. మనవారు దానిని గూడ నెమలి యనియే పిలిచియుందురు. వేరుమాట అవసరమై యుండదు. నేడు ఆ పక్షి స్థితి జాలిగొలుపునది. అడవులు తరిగి, వేట పెరిగి, 2009 నుండి అది ప్రపంచమున అంతరించు ప్రమాదములో ఉన్న జాతుల పట్టికలోనికి చేరినది.

తప్పుచీటి కథ

మూడవ నెమలి కథ చిత్రమైనది. అది ఆఫ్రికాలోని కాంగో అడవులలో నున్నది. 1913లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు జేమ్స్ చాపిన్ ఆ ప్రాంతమున సంచరించుచు, ఒక అడవిమనిషి తలపాగలో చెక్కుకొన్న ఈక నొకదానిని సంపాదించెను. అది ఏ పక్షిదో ఆయనకు అంతుపట్టలేదు. తెలిసిన పక్షుల ఈకలతో పోల్చి చూచెను, దేనితోను కలియలేదు. ఆయన దానిని పారవేయక దాచిపెట్టెను.

ఇరువది సంవత్సరములు దాటిన పిమ్మట ఆయన బెల్జియములోని టెర్వురెన్ ప్రదర్శనశాలకు పోయెను. అక్కడ ఒక మూల దూది కూర్చి నిలబెట్టిన రెండు పాతపక్షులు కనబడినవి. వానికి అంటించిన చీటిపై పిల్ల నీలినెమళ్లు అని వ్రాసియున్నది. వాని రెక్కలో చాపినుకు తన ఈక కనబడినది! ఎవరో ఏనాడో తొందరలో వ్రాసిన చీటిని నమ్మి, అన్నేండ్లు అందరు ఆ పక్షులను చూచియు చూడక పోయిరి. 1936లో చాపిన్ దానిని ఆఫ్రోపావో కాంజెన్సిస్ అను క్రొత్తజాతిగా ప్రకటించెను. ఆసియాలో తప్ప నెమలి లేదనుకొన్న లోకమునకు ఆఫ్రికాలోను నెమలి కల దని అప్పుడు తెలిసినది.

కాంగోనెమలికి పురి లేనేలేదు. మగది కోడిపుంజు కంటె కొంచెము పెద్దది. ముదురునీలము, ఊదా, పచ్చ కలిసిన ఒడలు. మెడవద్ద ఎర్రని బోడిచర్మము. తలపై తెల్లని నిక్కపొడుచుకొన్న కుచ్చు. ఆడది ఇటుకరంగు ఒడలు, పచ్చని వీపు. మా విద్యార్థికి నేను చెప్పిన గుర్తు - పొడవైన తోక - పట్టుకొని పోయినవాడు ఈ పక్షిని ఎదుట నిలిపినను నెమలి కాదనియే చెప్పును. ఆ రెండు పక్షులకు తప్పుచీటి అంటించినవారి పొరపాటునకును, తరగతిలో నేను విసరిన చమత్కారమునకును పెద్ద భేదము కనబడలేదు. వారు చూడక పేరు పెట్టిరి. నేను చూడక పేరు తీసివేసితిని.

జాతులు కాని జాతులు

పెంపకపు నెమళ్లలో తెల్లనెమలి కనబడుచుండును. అది వేరుజాతి యని పలువురు తలంతురు. కాదు. అది నీలినెమలియే, ఈకలలో నల్లని వర్ణపదార్థము ఏర్పడక తెల్లబడినది. మెరుపునకు వెనుక నుండవలసిన నలుపు లేకపోవుటచే రంగులన్నియు పోయినవి. తెల్లని పురిపై కన్నుల ఆకారములు నీడలవలె లీలగా కనబడుచుండును. దానిని చూచినప్పుడు శిఖ చూడవలెను. విసనకర్రవలె విచ్చుకొనియున్నచో సందేహము లేదు.

అట్లే నల్లభుజముల నెమలి. దీని రెక్కలపై అడ్డగీతలు లేక, అంతయు నిగనిగలాడు నీలినలుపు. 1860లో స్క్లేటరు అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేకజాతిగా పేరిడెను. డార్విన్ అంగీకరింపలేదు. పెంపుడునెమళ్ల గుంపులలో మామూలు తల్లిదండ్రులకే ఇట్టి పిల్లలు హఠాత్తుగా పుట్టుచుండుటను ఎత్తిచూపి, ఇది మార్పే గాని జాతి కాదని 1868లో వాదించెను. ఆయన మాటయే నిలిచినది. రెక్క నొక్కదానినే చూచువాడు దీనిని పచ్చనెమలి సంబంధియని భ్రమించును. ముఖమున తెలుపు చూచువాడు భ్రమింపడు.

నీలినెమలికిని పచ్చనెమలికిని పెంపకములో కలయిక జరిగి పుట్టిన సంకరములును కలవు. వానియందు రెండింటి గుర్తులు కలగలిసి యుండును: శిఖ అటు ఇటు కాని తీరు, ముఖమున పసుపుజాడ. అట్టివానిని చూచినప్పుడు ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. శిఖ, ముఖము, మెడ, రెక్క - నాలుగు సాక్షులను విచారింపవలెను. ఇక విడిగా దొరికిన నెమలికన్ను నొక్కదానిని పట్టుకొని అది నీలిదా, పచ్చదా యని తేల్చబూనుట సాహసము. రెండింటి కన్నులును ఇంచుమించు ఒక్కటే.

మన నీలినెమలి 1963 నుండి జాతీయపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున దానికి మొదటి షెడ్యూలులో చోటు లభించినది. దానిని చంపుట, పట్టుట నేరము. పచ్చనెమలివలె అది అంతరించు స్థితిలో లేకుండుటకు చట్టముతోపాటు జనుల భక్తియు కారణమే. మా మేనమామవంటి రైతు గింజలు పోయెనని గొణుగునే గాని రాయి విసరడు. "కుమారస్వామి బండి గదా, ఏం చేస్తాం!" అనును.

కొల్లేటి తామరాకులు

భాద్రపదము మొదలున ఒక ఆదివారము ఆ విద్యార్థితో కలిసి వారి గ్రామమునకు పోయితిని. వారి తాతగారు తాటిదోనె నడిపెను. ఏలూరు ప్రక్కనుండి పారు తమ్మిలేరు, బెజవాడవైపునుండి వచ్చు బుడమేరు కొల్లేటిని నింపును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. ఒకప్పుడు విశాలమైన మంచినీటి సరస్సు. చేపలచెరువుల గట్లు దానిని ముక్కలుముక్కలు చేసినవి. 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చినది. 2006లో ఎన్నో చెరువుగట్లను తెగగొట్టిరి. ఇవన్నియు వార్తాపత్రికలలో చదివితిని. దోనెలో కూర్చుండి చూచుట అదే మొదటిసారి.

గట్లు దాటిన తరువాత తామరాకులు పరచిన ఒక జాగా వచ్చినది. పిల్లవాడు మాటాడక వ్రేలు చూపెను.

అక్కడ, ఆకులమీద, కౌజుపిట్ట కంటె కొంచెము పెద్దదైన పక్షి యొకటి అడుగులో అడుగు వేయుచు నడచుచున్నది. ముదురుగోధుమవన్నె ఒడలు, తెల్లని ముఖము, తెల్లని రెక్కలు, మెడవెనుక బంగారురంగు, వంగిన పొడవైన తోక. ఇప్పుడు నాకు చూచుట కొంత అలవడినది. తలపై శిఖ లేదు. కాళ్లవ్రేళ్లు నమ్మశక్యము కానంత పొడవు. బరువును నాలుగుదిక్కులకు పంచి ఆకు మునుగకుండ కాపాడుచున్నవి. నెమలికి గాని కోడికి గాని అట్టి వ్రేళ్లుండవు. ఇది వేరొక వంశము. నీటియొడ్డున తిరుగు ఉల్లంకిపిట్టలకు దూరపుచుట్టము. పక్షిశాస్త్రజ్ఞులు దీనిని జకానా అందురు. ఈ పొడవైన తోకయును గ్రుడ్లుపెట్టు వానకాలమునకు మాత్రమే; చలికాలమునకు రాలిపోవును. నెమలి పురివలెనే!

ఆ విషయము తెలిసి నాకు నవ్వు వచ్చెను. పిల్లవాడు పోల్చినది ఊరక పోల్చలేదు. వానకాలమునకు అలంకారము ధరించి, వానకాలము పోగా విడుచు రెండు పక్షులను అతని కన్ను ఒకచోట చేర్చినది. పేరు తప్పినదే గాని చూపు తప్పలేదు. ఈ పిట్టలలో గ్రుడ్లు పొదిగి పిల్లలను పెంచువాడు తండ్రి. తల్లి గ్రుడ్లు పెట్టి వేరొక జోడును వెదకుకొని పోవును. ఆ సంగతి చెప్పగా తాతగారు దోనెకర్ర ఆపి, "నిజమేనండి, ఒకటే కూర్చుంటది, రెండోది కనపడదు" అనెను. ఆయన ఎన్నేండ్లనుండి చూచుచుండెనో!

"దీన్ని మీరేమంటారండీ?" అని ఆయనను అడిగితిని.

"పేరేముందండి, ఆకు మీద పిట్ట. ఆకుంటే ఉంటది. చెరువు తవ్వి ఆకు తీసేస్తే ఎళ్లిపోద్ది" అనెను.

మరుసటి సోమవారము తరగతిలో ఆ విద్యార్థిని ముందునకు పిలిచి, తాను చూచినదానిని చెప్పుమంటిని. మొదట కొంచెము తడబడినను, వ్రేళ్ల పొడవు, తోక వంపు, తండ్రి పొదుగుట - అన్నియు చక్కగా చెప్పెను. ఈసారి ఎవరును నవ్వలేదు. ఆనాడు నేను నవ్వుట తప్పని అందరియెదుట ఒప్పుకొంటిని. పిమ్మట నల్లబల్లపై శుక్లాపాంగము అని వ్రాసి, విగ్రహవాక్యము చెప్పుటకు ముందు, ఆ మాటకు ప్రక్కన ఒక నెమలితలను గీసితిని. నాకు బొమ్మలు గీయుట రాదు. శిఖ గడ్డిపరకలవలె వచ్చినది. కంటిక్రింది తెలుపు మాత్రము సుద్దముక్కతో గట్టిగా దిద్దితిని.

తెలుగున నెమలికి నెమ్మి యనియు పేరు కలదు. ఆ మాటకే ప్రేమ యను అర్థమును కలదు. ఆ రెండు అర్థములు ఒక మాటలో ఎట్లు కలిసినవో శబ్దశాస్త్రజ్ఞులు తేల్చవలసినది. నా వరకు నేను, ఈ వానకాలము గడచిన పిదప, ఆ మాట వ్రాసినప్పుడెల్ల గట్టుమీద ఉదయకాలమున నావైపు తిరిగి ఒక్క క్షణము నిలిచిన ఆ తెల్లని కడకంటి ముఖమునే తలచుకొనుచున్నాను.